8 అంగుళాల డాబ్సోనియన్, పాత లాప్‌టాప్: ఏ సాఫ్ట్‌వేర్లు పెట్టుకోవాలె?

మిద్దెమీది_చుక్కలు | హన్మకొండ | 6 జనవరి 2026, రాత్రి 9:40

అందరికీ నమస్తే. పోయిన నెల 8 అంగుళాల డాబ్సోనియన్ (చేత్తో తిప్పే అద్దం టెలిస్కోప్) కొన్న. ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ., 25, 10 మి.మీ. ఐపీసులు (కన్ను పెట్టి చూసే కటకాలు) దానితోనే వచ్చినయ్. చందమామను చూసిన, పిచ్చెక్కింది. కానీ మిగతావి ఎక్కడున్నయో దొరుకుతలేవు. ఫోన్ పైకెత్తితే ఒకసారి ఒక దిక్కు చూపిస్తది, ఇంకోసారి ఇంకో దిక్కు.

మా అన్న అమెరికా నుంచి తెచ్చిన పాత లాప్‌టాప్ ఉన్నది, ర్యామ్ 4 జీబీ. దాంట్ల స్టెల్లేరియం అని ఆకాశం బొమ్మ చూపించే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసిన. రాత్రి తొమ్మిదింటికి తెరిస్తే తెర మీద ఎండ కొడుతున్నది! ఊరు హన్మకొండే పెట్టిన. ‘ఏ’ మీట నొక్కితే ఆకాశమైతే నల్లగయింది గానీ గురుగ్రహం భూమి కింద ఉన్నదని అంటున్నది. అదేమో నా కండ్ల ముందే తూర్పున ధగధగ మెరుస్తున్నది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ కాబట్టి ఇట్లున్నదా? పైసలు పెట్టి కొనేది వేరే ఏమన్న చెప్పండి.

గొల్లకావిడి | తెనాలి | 6 జనవరి, రాత్రి 9:58

ముందు ఒక మాట చెప్పండి. స్టెల్లేరియం కింద పట్టీలో తేదీ, టైము ఏం చూపిస్తోంది?

మిద్దెమీది_చుక్కలు | 6 జనవరి, రాత్రి 10:03

ఇప్పుడే చూసిన. 7వ తారీఖు, పొద్దున 11:33 అని ఉన్నది. లాప్‌టాప్ గడియారమైతే కరెక్టే, 10:03.

గొల్లకావిడి | 6 జనవరి, రాత్రి 10:15

దొంగ దొరికాడు. తేడా సరిగ్గా 13 గంటల 30 నిమిషాలు. అంటే లాప్‌టాప్ ఇంకా అమెరికా పడమటి తీరం టైములోనే బతుకుతోంది. మీ అన్నగారు కాలిఫోర్నియా వైపు ఉంటారా?

మిద్దెమీది_చుక్కలు | 6 జనవరి, రాత్రి 10:17

సియాటిల్. ఎట్ల తెలిసింది అన్నా?!

గొల్లకావిడి | 6 జనవరి, రాత్రి 10:31

జోస్యం కాదు, తీసివేత. మీరు గడియారం ముళ్లు మన టైముకి తిప్పారు, టైమ్ జోన్ మాత్రం మార్చలేదు. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ లెక్క వేసేది ప్రపంచ ప్రామాణిక సమయంతో. మీ కంప్యూటర్ దానితో ‘ఇది సియాటిల్‌లో రాత్రి పది’ అని చెబుతోంది. సియాటిల్‌లో రాత్రి పదంటే హన్మకొండలో మర్నాడు పొద్దున పదకొండున్నర. ఎండ కాయకేం చేస్తుంది! సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ ఇండియాకి మార్చి, టైము నెట్ నుంచి తీసుకోనివ్వండి. తర్వాత స్టెల్లేరియంలో 8 అంకె నొక్కితే ఆకాశం ఇప్పటి క్షణానికి వచ్చేస్తుంది.

ఫోన్ సంగతి: మిద్దె మీద ఇనప నిచ్చెన పక్కనో, ఊచలు పైకి తేలిన పిల్లర్ పక్కనో నిలబడి ఉంటారు. ఫోన్ దిక్సూచి అయస్కాంతంతో పనిచేసేదే. కవర్‌కి అయస్కాంతం బిళ్ల ఉంటే అది కూడా తీసేయండి.

మిద్దెమీది_చుక్కలు | 6 జనవరి, రాత్రి 10:52

అయిపోయింది అన్నా! గురుడు తూర్పున, పునర్వసు దగ్గర, ఎక్కడ ఉండాల్నో అక్కడనే ఉన్నడు. ఫోన్ కవర్‌కి బిళ్ల ఉన్నది. అది తీస్తే ఫోన్ కూడ దారికొచ్చింది. తిట్టుకున్నందుకు స్టెల్లేరియానికి సారీ.

వైజాగ్_రాత్రులు | విశాఖపట్నం | 7 జనవరి, ఉదయం 7:20

హహ, నాదీ ఇదే కథ, కాకపోతే నాది దుబాయ్ లాప్‌టాప్. గంటన్నరే తేడా కాబట్టి ఎండ కాయలేదు. చుక్కలన్నీ కాస్త పక్కకి జరిగి కనిపించేవి. రెండు నెలలు నా టెలిస్కోప్ ఫైండర్ (గురి చూసుకునే చిన్న గొట్టం) వంకరగా ఉందనుకుని స్క్రూలు తిప్పుతూ కూర్చున్నాను. పెద్ద తప్పే నయం, వెంటనే తెలిసిపోతుంది.

గొల్లకావిడి | 7 జనవరి, రాత్రి 8:05

కొనే సాఫ్ట్‌వేర్ గురించి అడిగారు కదా. మీకిప్పుడు రూపాయి ఖర్చు అక్కర్లేదు. నేను 2009 నుంచి చూస్తున్నాను, కంటితో ఆకాశం చూసేవాడికి స్టెల్లేరియం ఒక్కటే నూటికి తొంభై పాళ్లు సరిపోతుంది. ఫాబియన్ షెరో అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. 1.0 వెర్షన్ రావడానికి 2022 దాకా పట్టింది. అప్పటికి ఇరవై ఏళ్లుగా జనం వాడుతూనే ఉన్నారు! అయితే వేసిన వెంటనే వచ్చే రూపంలోనే వాడేవాళ్లు ఎక్కువ. దాన్ని మన మిద్దెకి తగ్గట్టు దిద్దుకోవాలి.

మొదట ఎఫ్4 నొక్కి కాంతి కాలుష్యం పెంచండి. హన్మకొండ నడిబొడ్డున ఉంటే బార్టల్ స్కేలు (ఆకాశం ఎంత వెలుగుతో పాడైందో చెప్పే 1 నుంచి 9 దాకా కొలత) మీద 8 పెట్టండి. తెర మీద వేల చుక్కలు ఉంటే, పైన ముప్పై చుక్కలు కనిపిస్తుంటే ఏది ఏదో తేల్చుకోలేం. తెరని మన ఆకాశమంత పేదగా చేయాలి. కరెంటు పోయిన రాత్రి మళ్లీ 5కి మార్చుకోండి. ఆ గంట ఆకాశం చూడ్డానికి మా వీధిలో నేనొక్కణ్ణే కరెంటు పోవాలని కోరుకుంటాను.

రెండోది ఆక్యులర్స్ ప్లగిన్, ఐపీసులో ఎంత ఆకాశం కనిపిస్తుందో తెర మీదే చూపించేది. ఇది తెరవకపోతే స్టెల్లేరియం సగం వాడనట్టే. అందులో మీ టెలిస్కోప్ 1200, ఐపీసులు 25, 10 అని ఎక్కించండి. ఐపీసు మీద 52 డిగ్రీలు అని రాసి ఉంటే 25 మి.మీ.తో 48 రెట్లు (1200ని 25తో భాగిస్తే), కనిపించే వెడల్పు ఒక డిగ్రీ పైన కొంచెం (52ని 48తో భాగిస్తే). ఇప్పుడు కృత్తికల మీద పెట్టి చూడండి, గుంపు మొత్తం పట్టదు, అది దాదాపు రెండు డిగ్రీలుంటుంది. ఒరాయన్ నెబ్యులా మాత్రం చక్కగా ఇముడుతుంది. చలిలో మిద్దె ఎక్కకముందే దేనికి ఏ ఐపీసో తెలిసిపోయింది కదా.

అక్కడే టెలిస్కోప్ వివరాల్లో అడ్డంగా తిప్పు, నిలువుగా తిప్పు అని రెండు గళ్లు ఉంటాయి. రెండూ టిక్ చేయండి. డాబ్సోనియన్‌లో బొమ్మ తలకిందులు. అది టిక్ చేయకుండా చుక్క నుంచి చుక్కకి వెళ్లబోతే, కుడికి పోవాల్సిన చోట ఎడమకి పోతారు.

మూడోది కంట్రోల్ పట్టుకుని ఎన్ నొక్కితే తెర ఎర్రబడుతుంది. అదీ చాలదు, లాప్‌టాప్ వెనక దీపం వెలుగు కారుతూనే ఉంటుంది. స్టేషనరీ షాపులో ఎర్ర జెలటిన్ పేపర్ తెచ్చి రెండు మడతలు అడ్డం పెట్టండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, చెడటానికి ఒక్క వాట్సాప్ మెసేజ్ చాలు.

ఇంకొకటి, ఇది సాఫ్ట్‌వేరే నేర్పింది నాకు. ఈ నెల గురుడు మన నడినెత్తి మీదుగా పోతాడు. మీ అక్షాంశం 18, ఆయన క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి ఉత్తరానికి దూరం) సుమారు 22. అంటే అర్ధరాత్రి దాటాక నెత్తికి నాలుగు డిగ్రీల దూరంలో ఉంటాడు. డాబ్సోనియన్‌కి అది చావు చోటు. గొట్టం నిలువుగా ఉన్నప్పుడు పక్కకి తిప్పలేం. టైమ్ కిటికీ తెరిచి ముందుకి జరుపుతూ చూసుకోండి, తొమ్మిది, పది మధ్య తూర్పున హాయిగా దొరుకుతాడు.

డాలస్_దుర్భిణి | డాలస్, టెక్సస్ | 8 జనవరి, ఉదయం 6:44

గొల్లకావిడి గారు చెప్పినదంతా కరెక్ట్, ఒక్క విషయంలో తప్ప. టెలిస్కోప్ పక్కన లాప్‌టాప్ ఎందుకండీ? నేను కార్ట్ డు సియెల్ అనే ఆకాశ పటాల సాఫ్ట్‌వేర్ వాడతాను. స్విట్జర్లాండ్‌లో ఉండే పాట్రిక్ షెవలీ రాసింది, ఫ్రీ. చూడటానికి అందంగా ఉండదు. కానీ ప్రింట్ తీస్తే తెల్ల కాగితం మీద నల్ల చుక్కలు, అచ్చం అట్లాస్ పేజీలా వస్తుంది. పాత మెషీన్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది, 4 జీబీ అన్నారు కాబట్టి చెబుతున్నా. నాలుగు పేజీలు ప్రింట్ చేసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటే మంచు పడ్డా బాధ లేదు, బ్యాటరీ బాధా లేదు.

ఇంకో మాట. ఇక్కడ మాకు అగస్త్య నక్షత్రం దక్షిణాన నాలుగైదు డిగ్రీలకి మించి లేవదు, చెట్ల వెనకే పుట్టి అక్కడే మునుగుతుంది. మీకు ఇరవై డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో ఒమెగా సెంటారీ అనే చుక్కల గుంపు మీకు పాతిక డిగ్రీల దాకా వస్తుంది. అమెరికా వాళ్లు చేసిన ‘చూడాల్సిన వంద వస్తువులు’ లాంటి లిస్టులు డౌన్‌లోడ్ చేసుకుని దక్షిణపు సొమ్ము వదిలేయకండి. మీ ఊరు పెట్టి, మీ దక్షిణ దిక్కు చూసి మీ లిస్టు మీరే రాసుకోండి.

గొల్లకావిడి | 8 జనవరి, ఉదయం 8:10

ప్రింట్ సంగతి ఒప్పుకుంటున్నా. మా అమ్మమ్మకైతే ప్రింటూ లేదు, లాప్‌టాపూ లేదు. మూడు చుక్కలు చూపించి ‘గొల్లకావిడి’ అనేది, పక్కన ‘పిల్లలకోడి’ అనేది. నా పేరు అక్కడిదే.

లెక్కల_మాస్టారు | రాజమహేంద్రవరం | 13 జనవరి, సాయంత్రం 6:30

నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. మనవడు స్టెల్లేరియం వేసి ఇచ్చాడు. రేపు మకర సంక్రమణం కదా అని రేపటి తేదీ పెట్టి సూర్యుడి మీద నొక్కాను. రాశి దగ్గర ధనుస్సు అని వస్తోంది! పంచాంగం తప్పా, కంప్యూటర్ తప్పా? రెండూ తప్పు కావని నా నమ్మకం, కారణం మాత్రం చిక్కడం లేదు.

గొల్లకావిడి | 13 జనవరి, రాత్రి 9:02

మాస్టారూ, మీ నమ్మకమే నిజం. ఇక్కడ మూడు రకాల మకరాలు ఉన్నాయి.

స్టెల్లేరియం చూపించేది అంతర్జాతీయ ఖగోళ సంఘం గీసిన సరిహద్దులు. 1928లో ఆమోదించారు, 1930లో డెల్పోర్ట్ అనే బెల్జియం ఆయన పటాలు అచ్చువేశాడు. పొలం గట్లలాగా ఒక్కొక్క రాశి ఒక్కో కొలత. వాటి ప్రకారం సూర్యుడు మకరంలోకి వెళ్లేది జనవరి 19, 20 ప్రాంతంలో. పైగా ఆ పటంలో సూర్యుడు నవంబర్ చివర నుంచి రెండున్నర వారాల పైన సర్పధరుడు అనే పదమూడో మండలంలో కూడా నడుస్తాడు.

పంచాంగం రాశులు అన్నీ సమానం, ఒక్కొక్కటి 30 డిగ్రీలు. మొదలు ఎక్కడ అన్నది చిత్తా నక్షత్రాన్ని బట్టి తేలుస్తారు. అందులో సంక్రమణం రేపు. ఇక విషువత్తు నుంచి కొలిచే పాశ్చాత్య పద్ధతిలో మకరం డిసెంబర్ 21నే వచ్చేసింది. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లిన రోజు అదే. ఈ రెండిటి మధ్య తేడా ఇప్పుడు సుమారు 24 డిగ్రీలు. అదే అయనాంశం.

ఇది నమ్మక్కర్లేదు, చూడొచ్చు. ఎఫ్4లో గుర్తుల పేజీకి వెళ్లి క్రాంతివృత్తం (సూర్యుడు నడిచే దారి), ఖగోళ మధ్యరేఖ రెండూ వెలిగించండి. రెండూ కలిసే మార్చి బిందువు పట్టుకుని, సంవత్సరం పెట్టెలో 2026 తీసి 285 వేయండి. ఆ బిందువు చుక్కల మధ్య జరిగిపోతుంది. డిగ్రీకి 72 ఏళ్ల చొప్పున లెక్క మీరే వేసుకోండి.

లెక్కల_మాస్టారు | 14 జనవరి, ఉదయం 5:15

వేశాను. 1741ని 72తో భాగిస్తే 24.18. ముప్పై అయిదేళ్లు బల్ల మీద సుద్దముక్కతో చెప్పినా ఇంత స్పష్టంగా నేను చూడలేదు. రాత్రంతా ఇదే పని, మా ఆవిడ ఇంకా తిడుతోంది. అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.

చీకటి_వేటగాడు | 14 జనవరి, రాత్రి 11:20

బ్రో ఫొటోలకి పిక్స్‌ఇన్‌సైట్ బెస్ట్. డబ్బులు కట్టక్కర్లేదు, ఇదిగో ఫుల్ వెర్షన్ లింక్
[లింక్ తొలగించబడింది]

నిర్వాహకుడు | 14 జనవరి, రాత్రి 11:41

దొంగ కాపీల లింకులు ఇక్కడ వద్దు. నియమం సంగతి సరే, అలాంటి ఫైల్ తెరిచి వైరస్‌తో నెల రోజుల ఫొటోలు పోగొట్టుకున్న సభ్యుడు ఇక్కడే ఉన్నారు. ఫ్రీ దారి ఉండగా ఈ పని ఎందుకు?

వైజాగ్_రాత్రులు | 15 జనవరి, సాయంత్రం 5:50

ఆ సభ్యుణ్ణి నేనే. వదిలేద్దాం. 😔

గురుడి ఫొటో తీయాలనుకునేవాళ్ల కోసం నా పద్ధతి రాస్తాను. నాదీ 8 అంగుళాల డాబ్సోనియనే, మోటారు లేదు. ఐపీసు తీసి ఆ చోట చిన్న గ్రహాల కెమెరా పెడతాను. రికార్డు చేయడానికి ఫైర్‌క్యాప్చర్ గానీ షార్ప్‌క్యాప్ గానీ, రెండూ ఫ్రీగా దొరుకుతాయి. షార్ప్‌క్యాప్‌లో కొన్నిటికి మాత్రం డబ్బు కట్టాలి.

మోటారు లేదు కాబట్టి గురుడు ఫ్రేములో ఒక అంచు నుంచి ఇంకో అంచుకి కొట్టుకుపోతాడు. నా కెమెరా సెన్సర్ వెడల్పు 4.8 మి.మీ., దానికి దాదాపు ఒక నిమిషం. బార్లో (బొమ్మను రెండింతలు చేసే కటకం) వేస్తే అరనిమిషమే. సరే పోనీ అని పోనిస్తాను. మళ్లీ గొట్టం జరిపి ఇంకోసారి. ఆ వీడియోలన్నిటినీ పిప్ అనే చిన్న ప్రోగ్రాముకి ఇస్తే, పరుగెత్తే గురుణ్ణి ప్రతి ఫ్రేములో మధ్యకి తెచ్చి కూర్చోబెడుతుంది. మోటారు లేనివాళ్ల పాలిట దేవుడు అది.

తర్వాత ఆటోస్టాకర్ట్. వేల ఫ్రేముల్లో గాలి నిలకడగా ఉన్నవి ఏరి, వాటిని ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. నేను వందకి పదిహేను, ఇరవై ఉంచుతాను. బయటికొచ్చే బొమ్మ మసకగానే ఉంటుంది, కంగారు పడొద్దు. దాన్ని రెజిస్టాక్స్ అనే ఇంకో ప్రోగ్రాములో వేవ్‌లెట్ల (సన్నని వివరాలను పదును పెట్టే పద్ధతి) మీదకి తీసుకెళ్లి మొదటి రెండు స్లైడర్లు నెమ్మదిగా జరిపితే పట్టీలు పైకి తేలతాయి. ఇక్కడే అందరం చెడిపోతాం. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ పోతే గురుడి అంచున ఉల్లిపొర లాంటి గీత వస్తుంది. ఆ పొర కనిపించిందంటే వెనక్కి రావాలి.

డిస్క్ సంగతి కూడా: 640 ఇంటూ 480 సైజు, సెకనుకి 100 ఫ్రేములు తీస్తే ఒక్క నిమిషానికి 1.8 జీబీ అవుతుంది. పాత లాప్‌టాప్ హార్డ్ డిస్క్ అంత వేగంగా రాయలేక ఫ్రేములు వదిలేస్తుంటే కెమెరాని తిట్టకండి.

మిద్దెమీది_చుక్కలు | 15 జనవరి, రాత్రి 8:12

అన్నా, గురుడి మీది ఎర్ర మచ్చ నాకు ఒక్కసారి కూడ కనిపిస్తలేదు. ఎప్పుడు చూడాలె?

వైజాగ్_రాత్రులు | 15 జనవరి, రాత్రి 8:40

గురుడు పది గంటల లోపే ఒక చుట్టు తిరుగుతాడు, 9 గంటల 55 నిమిషాల 40 సెకన్లు. సగం సేపు మచ్చ వెనకవైపే ఉంటుంది. మచ్చ ఎప్పుడు ఎదురుగా వస్తుందో విన్‌జూపోస్ అనే ప్రోగ్రాములో చూసుకుంటాను. ఒకసారి మచ్చ నడిమధ్యన దొరికిందంటే అయిదు చుట్ల తర్వాత, అంటే రెండు రోజుల 1 గంట 38 నిమిషాలకి, మళ్లీ మధ్యకి వస్తుంది. ఆ లెక్క కాగితం మీద కూడా వేసుకోవచ్చు. స్టెల్లేరియంలోనూ మచ్చ కనిపిస్తుంది గానీ, అది గురుడి మీద మెల్లగా జరుగుతుంటుంది కాబట్టి సెట్టింగ్స్‌లో దాని రేఖాంశం కొత్తది ఎక్కించాలి. అలా మార్చకుండా ‘సాఫ్ట్‌వేర్ ఉందంటోంది, నాకు లేదు’ అని ఒకాయన నాతో ఫోన్లో గంటసేపు గొడవ పడ్డాడు.

డాలస్_దుర్భిణి | 16 జనవరి, ఉదయం 7:02

మోటారు మౌంట్ (చుక్కల వెంట తిరిగే టెలిస్కోప్ పీట) కొనేవాళ్లకి ఒక్క ముక్క. అక్కడ ధ్రువ నక్షత్రం 17, 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కదా. హైదరాబాద్‌లో మా అత్తగారింటి మిద్దె మీద ఉత్తరాన ఎనిమిదంతస్తుల అపార్ట్‌మెంట్. ధ్రువుడు మూడో అంతస్తు వంటింటి వెనకాల ఎక్కడో! ధ్రువుణ్ణి చూసి సరిచేసే పద్ధతులేవీ పనికిరాలేదు. నైనా అనే ఫ్రీ ప్రోగ్రాములో మూడు బిందువుల అలైన్‌మెంట్ ప్లగిన్ ఉంది. ఆకాశంలో ఏ ముక్క కనిపించినా అక్కడ మూడు ఫొటోలు తీసి, చుక్కలు గుర్తుపట్టి, మౌంట్ ఎటు ఎంత తప్పిందో చెబుతుంది. లినక్స్ వాళ్లకి కేస్టార్స్‌లోని ఎకోస్ ఇదే పని చేస్తుంది. గైడింగ్‌కి (ఫొటో తీసేంతసేపూ మౌంట్ చుక్క నుంచి తప్పకుండా దిద్దడానికి) పీహెచ్‌డీ2, అది కూడా ఫ్రీనే.

కెమెరా_కిరణ్మయి | గుంటూరు | 18 జనవరి, రాత్రి 10:25

టెలిస్కోప్ లేదు, మామూలు డీఎస్ఎల్ఆర్, ట్రైపాడ్ ఉన్నాయి. ఫొటోలు ఒకదాని మీద ఒకటి పేర్చే సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో స్క్రిప్ట్ నడిపితే మొదలవగానే ఆగిపోతోంది. మూడు రోజులైంది.

వైజాగ్_రాత్రులు | 18 జనవరి, రాత్రి 10:33

ఫోల్డర్ల పేర్లు ఏం పెట్టావు చెల్లీ? లైట్స్, డార్క్స్, ఫ్లాట్స్, బయాసెస్ అని ఇంగ్లిష్‌లో బహువచనంలోనే ఉండాలి. చివర ఎస్ లేకపోతే స్క్రిప్ట్‌కి ఫోల్డర్ కనిపించదు.

కెమెరా_కిరణ్మయి | 18 జనవరి, రాత్రి 10:36

లైట్ అని పెట్టాను. ఎస్ లేదు. ఒక్క అక్షరానికి మూడు రాత్రులు అన్నా.

గొల్లకావిడి | 25 జనవరి, ఉదయం 9:15

మిద్దెమీది_చుక్కలు గారికి ఒక పని. ఇంకొక ఫ్రీ ప్రోగ్రామ్ వేసుకోండి, వర్చువల్ మూన్ అట్లాస్. కార్ట్ డు సియెల్ రాసిన షెవలీయే క్రిస్టియన్ లెగ్రాండ్‌తో కలిసి చేశాడు. చంద్రుడి మీద వెలుగు, చీకటి కలిసే గీత ఆ రాత్రి ఎక్కడుంటుందో, ఆ గీత పక్కన ఏమేం చూడొచ్చో చెబుతుంది. 27 సాయంత్రం తేదీ పెట్టి రూపెస్ రెక్టా అని వెతకండి. తిన్నని గోడ అంటారు, 110 కిలోమీటర్ల పొడవు. 10 మి.మీ. ఐపీసు చాలు.

మిద్దెమీది_చుక్కలు | 27 జనవరి, రాత్రి 9:48

కనిపించింది!!

మొదట పావుగంట దొరకలే. అట్లాస్‌ల ఒక దిక్కు, ఐపీసుల ఇంకో దిక్కు. తర్వాత తలకిందుల సంగతి యాదికొచ్చి అట్లాస్‌ల కూడ బొమ్మ తిప్పిన. బర్ట్ అనే చిన్న గుంత ముందు దొరికింది, దాని పక్కనే గీత. బ్లేడుతోని గీసినట్టు సన్నగ, నల్లగ. మా అమ్మ చూసి ‘అద్దం మీద వెంట్రుక పడ్డది, తుడువు’ అన్నది. తుడిచి చూపించిన, అట్లనే ఉన్నది. అప్పుడు నమ్మింది.

గొల్లకావిడి | 27 జనవరి, రాత్రి 10:05

అమ్మగారికి చెప్పండి, అది గోడ కాదు, గోడ నీడ. నిజానికి నిట్టనిలువు కూడా కాదు, వాలే. సూర్యుడు తూర్పున తక్కువ ఎత్తులో ఉన్నాడు కాబట్టి నీడ అలా సాగింది. ఫిబ్రవరి 9, 10 తెల్లవారుజామున సూర్యుడు అటువైపు నుంచి కొడతాడు. అప్పుడు అదే గీత తెల్లగా కనిపిస్తుంది. అట్లాస్‌లో తేదీ మార్చి ముందే చూసుకోండి.

మిద్దెమీది_చుక్కలు | 27 జనవరి, రాత్రి 10:11

చెప్పిన. ‘తెల్లారుగట్ల ఎన్నింటికి లేపుతవ్’ అని అడుగుతున్నది. టైమ్ జోన్ ఇండియాదే ఉన్నదా అని మళ్లొకసారి చూసి అలారం పెడుతున్న.